పదహారు తర్వాత పద్దెనిమిది

లిఫ్టు ఆగిన సంగతి ఆమెకు కాసేపటిదాకా తెలియనే లేదు. ఆ కాసేపూ ఆమె లిఫ్టులో ఉంటేగా. పొద్దుటి వంటగదిలో ఉంది, కళ్ళజోడు నిండా ఆవిరి పట్టి ఏ డబ్బా ఏదో కనపడక మొగుడు టీలో ఉప్పు వేసిన వంటగదిలో, ముందు ఎవరు ఉమ్మేస్తే వాళ్ళు ఓడినట్టని పందెం వేసుకుని ఇద్దరూ ఆ ఉప్పు టీని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ సగం గ్లాసు దాకా తాగిన వంటగదిలో. కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని ఊరందరికీ అద్దాలు అరగదీసి ఇచ్చే మనిషికి తన అద్దాలు తుడుచుకోవడం మాత్రం చేతకాదు. పెళ్ళయి యాభై ఒక్క రోజులు. నెల దాటాక రోజులు లెక్కపెట్టడం మానేస్తారని ఆఫీసులో అందరూ చెప్పారు గానీ ఆమెకు మానబుద్ధి కావడం లేదు, ఒకే మగ్గులో రెండు బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉండటం చూసినా నవ్వొచ్చే మనిషికి లెక్కలు ఎలా ఆగుతాయి. అలా నవ్వుకుంటూ తలెత్తితే ఎదురుగా అద్దంలో తన నవ్వే కనిపించింది, దాని పైన అంకె వెలగాల్సిన చోట నాలుగూ లేదు, ఐదూ లేదు, ఎర్రటి అడ్డగీత ఒకటుంది. ఫ్యాను ఆగిపోయింది. చేతిలో నాలుగు కాగితాలు, మూలన ఒక్క పిన్ను. అవి ఆరో అంతస్తుకు చేరాలి, మూడున్నరలోపు.

గంట బొమ్మ ఉన్న మీట నొక్కితే చిల్లుల రేకులోంచి గరగరమని గొంతు వచ్చింది. ఆ బిల్డింగులో అందరూ లిఫ్టు బాబాయ్ అని పిలిచే మెకానిక్కు అది.

"చెప్పమ్మా."

"బాబాయ్, లిఫ్టు ఆగిపోయింది."

"తెలుసు, నీళ్ళు ఆపేశాయి. కింద గుంటలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తోడే మోటారు పాడై పది రోజులైంది, చెప్తే ఎవరైనా వింటేనా. నీళ్ళు వైర్లదాకా రాగానే దానంతట అదే ఆగిపోతుంది. బుద్ధున్న లిఫ్టు."

"ఎంతసేపు పడుతుంది?"

"లోపల ఎంతమందున్నారు?"

"నేనొక్కదాన్నే."

"అయితే గాలికి కొదవలేదు. గంట అనుకో. చెప్పులిప్పేసి హాయిగా కూర్చో తల్లీ, ఈ వంకన ఎవరూ పని చెప్పరు."

చెప్పులిప్పేసింది. కొత్త చెప్పులు, మడమ దగ్గర కరుస్తున్నాయి, పొద్దున వాటిని చూసి అతను, మేడమ్ గారికి నా మీద ఉన్నంత కోపం ఈ చెప్పులకు మేడమ్ గారి మీద ఉన్నట్టుంది, అన్నాడు. ఇనుప నేల చల్లగా ఉంది. అద్దానికి వీపు ఆనించి కూర్చుంది. గోడకు ఎవరో అంటించి ఎవరో గీకేసిన స్టిక్కరు, ఆరుగురికే అనుమతి అన్న రేకు, మూసుకున్న రెండు తలుపుల మధ్య నిలువుగా ఒక వెలుగు గీత. ఫోను లేదు. రెండో అంతస్తులో వాళ్ళు పనిచేసే గదిలోకి వెళ్ళే ముందే ఫోను అరలో పెట్టి తాళం వేయాలి, మళ్ళీ ఇంటికి వెళ్ళేటప్పుడే. గదిలో జరిగేది గదిలోనే ఉండాలంటారు గ్రాఫు సారు. ప్రతిదానికీ ఒక గ్రాఫు గీయమనే మేనేజరు ఆయన, ఒకసారి ఎవరో సెలవు అడిగితే ఎందుకు కావాలో గ్రాఫు వేసి చూపించమన్నాడని చెప్పుకుంటారు, అబద్ధమే కావచ్చు గానీ ఆయన్ని చూస్తే నమ్మాలనిపిస్తుంది.

పని పెద్దదేం కాదు. పాటల యాప్‌లో పాటల కింద విన్నవాళ్ళు రాసే అభిప్రాయాలు చదివి రంగు వేయడం. మూడు రంగులు. పొగిడితే ఆకుపచ్చ, తిడితే పసుపు, వివరం ఉంటే ఎరుపు. వివరం అంటే ఏంటి సార్ అని మొదటిరోజు అడిగింది. తేదీ, చోటు, అంకె, హోదా, ఇందులో ఏదున్నా ఎరుపే, అన్నాడాయన, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని. తిట్లు కదా సార్ ఎరుపు అవ్వాల్సింది, అంటే నవ్వాడు. "తిట్టేవాడితో మనకేం బాధలేదమ్మా, తిట్టి వెళ్ళి పడుకుంటాడు. అంకె చెప్పేవాడితోనే వస్తుంది తంటా." అప్పుడు అది తమాషాగా అనిపించింది, ఇంటికెళ్ళి అతనికి చెప్పి నవ్వించాలనుకుంది కూడా. చెప్పిందా? చెప్పలేదు. గుమ్మంలోనే అతను ఆమె చీర పిన్నులన్నీ రంగుల వారీగా సర్ది పెట్టిన డబ్బా చూపించాడు, ఇంకేం చెబుతుంది, అక్కడే కరిగిపోయింది.

వారం కిందట ఆ ఆల్బమ్ వచ్చింది. పాడినవాడి పేరు ఇటుక. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆల్బమ్ పేరు 'ఖాళీ స్థలం'. తొమ్మిది ర్యాప్ పాటలు, అన్నీ మిల్లు వెనక వీధి గురించే, రోడ్డు వెడల్పు చేస్తామని ఒక తెల్లవారుజామున కూలగొట్టిన కూలీల ఇళ్ళ గురించి. పదహారేళ్ళ కిందటి సంగతి. రోడ్డు ఇప్పటికీ వెడల్పు కాలేదట. చివరి పాటలో డ్రమ్ములు కూడా ఉండవట, కూలిన ఇళ్ళ నంబర్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ పోతాడట. ఇవన్నీ ఆమెకు అభిప్రాయాల్లోంచి తెలిసినవే, పాటలు తాను వినలేదు. వింటే మనసు ఒక పక్కకు ఒరుగుతుంది, వినకుండా చదివితేనే న్యాయంగా ఉంటుంది, అంటాడు సారు. భోజనం చేయకుండా వంటకు మార్కులేసే ఉద్యోగం అని పక్క సీటామె అంటుంది.

అభిప్రాయాలు మాత్రం ఎన్ని రకాలో. బీటు అదిరింది, మాటలు తీసేస్తే ఇంకా బాగుంటుంది. అన్నా నువ్వు ఊపిరి ఎప్పుడు తీసుకుంటావు, నాకు విని ఆయాసం వస్తోంది. పాటలు పాడుకో, రాజకీయాలు నీకెందుకు. రాజకీయం కానిదేదో చెప్పు, అది పాడతాడు. మా పాప నాలుగో పాట పెడితేనే అన్నం తింటోంది, పెద్దయ్యాక ఏమవుతుందో ఏమో. ఒకాయన తొమ్మిది పాటలకూ విడివిడిగా 'బోరు' అని రాశాడు, తొమ్మిదింటినీ చివరిదాకా విని. ఇంకొకామె, నేను ఏ పక్షమూ కాదు కానీ, అని మొదలుపెట్టి నలభై లైన్లు రాసింది, చివరికి ఏ పక్షమో తేలలేదు. అవి చదువుతుంటే సినిమా హాలు బయట నిలబడి జనం మాటలు విన్నట్టుండేది, ఆ గదిలో అదొక్కటే సంతోషం ఆమెకు. ఇవాళ అదీ లేదు. మధ్యాహ్నం రెండున్నరకల్లా మూడు వందల నలభైకీ రంగు పడాలన్నాడు సారు, ఎర్రవి ప్రింటు తీసి పైకి పంపాలన్నాడు, పైన ఇద్దరు అతిథులు కూర్చున్నారన్నాడు. ఎవరు సార్ అంటే, అతిథులమ్మా, అన్నాడు. ప్రతి అభిప్రాయం మొదటి నాలుగు లైన్లే కనిపిస్తుంది, కింద 'ఇంకా చదువు' అని ఉంటుంది. ఇవాళ ఒక్కసారి కూడా దాన్ని నొక్కలేదు. అంకె కనిపించిందా, ఎరుపు. చోటు కనిపించిందా, ఎరుపు. పప్పులో రాళ్ళు ఏరినట్టు చేతివేళ్ళే ఏరుకుంటూ పోయాయి. యాభై నాలుగు తేలాయి. ప్రింటు తీశాక సారు పక్కనే నిలబడి ఫైలు చెరిపించాడు, చెరిపినవి పడే బుట్టలోంచీ చెరిపించాడు, వేసిన రంగులన్నీ తీయించేశాడు. "రేపెవడైనా అడిగితే మనం ఏ రంగూ వెయ్యలేదు. పాటలు వినిపించేవాళ్ళం మనం, అంతే." ఇక ఆ జాబితా లోకంలో ఉన్నది ఒక్కచోటే, ఈ నాలుగు కాగితాల్లో, ఈమె ఒడిలో, నాలుగుకీ ఐదుకీ మధ్య.

ఉక్కగా ఉంది. కాగితాలతో విసురుకుంది. విసురుకుంటుంటే ఒక లైను కంటపడింది, పన్నెండోది, మా నాన్న ఆ పొద్దున కూల్చే యంత్రం నడిపారు, ఈ పాట వినిపించాను, భోజనం చెయ్యకుండా లేచిపోయారు, మీరు తిట్టింది ఆయన్ని కాదని చెప్పడానికి. అక్కడితో నాలుగు లైన్లు అయిపోయాయి. విసరడం ఆపేసింది. దీన్ని ఎరుపు చేసింది తనే. ఏ వివరం చూసి చేసిందో గుర్తులేదు, 'యంత్రం' అన్న మాట చూసి అయ్యుంటుంది. చేయడానికి వేరే పనేం లేదు గనక మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది, వరసగా, ఒక్కో మాటా, యాప్‌లో ఎప్పుడూ చదవనట్టు. మూడోది, ఆ రోజు నేను పరీక్షకు హాల్ టికెట్టు శిథిలాల్లో వెతికాను. తొమ్మిదోది, నోటీసు అంటించామన్నారు, అంటించిన గోడనే ముందు కూల్చారు. ఇరవయ్యోది, అక్కడ పంపు నీళ్ళు తియ్యగా ఉండేవి, అది కూడా రాయాల్సింది. మూడో కాగితం తిప్పింది. ముప్పై ఒకటోది.

తొమ్మిదో పాటలో పదహారు తర్వాత పద్దెనిమిది చదివారు. పదిహేడు మాది. నీలం తలుపు. ఆ పొద్దున చెప్పులు వెతుక్కునేలోపే గోడ పడింది, అమ్మా నేనూ వట్టికాళ్ళతో గాజు పెంకుల మీద నడిచి బయటికొచ్చాం. అప్పట్నుంచి మా అమ్మ ఇంట్లో అందరి చెప్పులూ గుమ్మం వైపు తిప్పి.

అక్కడ ఆగిపోయింది. ఆమె కూడా అక్కడే ఆగిపోయింది. లిఫ్టు ఆగినప్పుడు తెలియలేదు గానీ ఇది ఆగడం మాత్రం తెలిసింది.

పేరు లేదు. శ్రోత నంబరు మాత్రమే ఉంది, ఏడంకెలు. నంబరును బట్టి ఫోను, ఫోనును బట్టి మనిషి, పైవాళ్ళు పట్టుకుంటారు, వాళ్ళకు అదెంతసేపు. ఆమెకు నంబరు అక్కర్లేకపోయింది. చెప్పులు. ఇంట్లోకి రాగానే అతను చెప్పులు విప్పి, వంగి, రెండింటినీ చేత్తో పట్టుకుని, వేళ్ళ వైపు తలుపుకేసి తిప్పి, పక్కపక్కన ఆనించి పెట్టేవాడు, బడిపిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు. మొదటిరోజు చూసి ఎంత ముద్దొచ్చాడో. అద్దాలాయనా, నీ చెప్పులు ఎక్కడికైనా వెళ్ళిపోతున్నాయా, అని అడిగితే, అవును, నీ వంట రుచి చూశాయి, అన్నాడు. అందరం నవ్వాం. అందరం ఎవరు, ఇద్దరమేగా. ఇద్దరే ఉన్న ఇంట్లో అందరం అనిపించేటంత నవ్వు. రెండోరోజు నుంచి ఆట మొదలైంది, అతను స్నానానికి వెళ్ళగానే తను పిల్లిలా వెళ్ళి చెప్పులు లోపలికి తిప్పేసేది, సోఫా వైపు, వంటగది వైపు, ఒకసారి ఒకటి ఇటూ ఒకటి అటూ. అతను వచ్చి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంట్లో దయ్యముంది, అనేవాడు. ఎప్పుడు సరిచేసేవాడో గానీ పొద్దున లేచేసరికి అవి మళ్ళీ తలుపు వైపే. యాభై ఒక్క రోజులు. రోజూ తిప్పింది. ఒక్కరోజు మానలేదు, జ్వరమొచ్చిన రోజు కూడా గోడ పట్టుకుని లేచి వెళ్ళి తిప్పింది, అతన్ని నవ్వించాలని. గాజు పెంకుల మీద నడిచిన కాళ్ళు అవి. ఎడమ పాదం కింద తెల్లటి గీత ఉంది, చూసింది, వేలు పెట్టి గీసి చక్కిలిగింత పెట్టింది కూడా, ఇదేంటి అంటే చిన్నప్పుడెప్పుడో అన్నాడు. చిన్నప్పుడు ఎక్కడ పెరిగావు అంటే, అక్కడక్కడ, అన్నాడు. అక్కడక్కడ అనేది ఒక ఊరనుకుంది తను, అంత మైకంలో ఉంది. అత్తగారు మొదటి ఆదివారం వచ్చి, మాటల మధ్యలో లేచి వెళ్ళి, గుమ్మంలో అడ్డదిడ్డంగా పడున్న కోడలి చెప్పుల్ని కూడా అలాగే తలుపు వైపు తిప్పి వచ్చి కూర్చుంది. అత్తగారి చాదస్తం అనుకుంది తను.

మొన్న శుక్రవారం ఇయర్‌ఫోన్. ఇద్దరికీ ఒక్కటే జత, ఎడమది తనకి, కుడిది అతనికి, తలలు ఆనించుకుంటే గానీ తీగ అందదు, అందుకే రెండోది కొనలేదు. ఒక ఆల్బమ్ వచ్చింది, తొమ్మిదో పాట ఒక్కటి వింటావా, అని ఎడమది ఆమె చెవి దగ్గరికి తెచ్చాడు. పేరు చూసి, ఇటుకా, బాబోయ్, పొద్దున్నుంచీ అదే కదా, ఇంటికొచ్చాక కూడా ఆఫీసేనా, అని ఫోను లాక్కుని ఒక ప్రేమ పాట పెట్టేసింది. అతను సరే అన్నాడు. ఆ సరే ఇప్పుడు వినిపిస్తోంది. అప్పుడు వినిపించలేదు. పాట అయ్యేదాకా తల ఆనించే ఉంచాడు, కాలితో తాళం కూడా వేశాడు. మర్నాడు దుకాణంలో చక్రం మీద ఎవరి అద్దమో అరగదీస్తూ, మధ్యలో ఆపి, చేతులకంటిన తెల్లటి పిండి తుడుచుకుని, భార్యకు చెప్పాలనుకున్నది ఇక్కడ రాసుంటాడు, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు చదువుతారని. చదివింది తనే. చదవనైనా చదవలేదు, పదిహేడు అన్న అంకె చూసి నొక్కేసింది.

పోయినసారి తొమ్మిది నంబర్లు పైకి వెళ్ళాయి, వేరే పాట గురించి. ఆ తొమ్మిది నంబర్ల నుంచి మళ్ళీ ఒక్క అభిప్రాయమూ రాలేదు, ఏ పాట మీదా, బాగుందని గానీ బాగాలేదని గానీ. ఒకామె రోజూ పొద్దున ఒక పాత పాట కింద శుభోదయం అని రాసేది. అదీ ఆగిపోయింది. వాళ్ళనేం చేశారు సార్ అని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు, అప్పుడు కొత్త కాపురం హడావుడిలో ఉంది.

లేచి నిలబడింది. రెండడుగులు ఇటు, రెండడుగులు అటు. అద్దంలో ఒక మనిషి తనతోపాటే తిరుగుతోంది, ఆ మనిషి మొహంలో పొద్దుటి నవ్వు తాలూకు ముక్క ఇంకా ఎక్కడో అతుక్కుని ఉంది, తుడిచేయాలనిపించింది. తలుపుల సందులో వేళ్ళు పెట్టి లాగింది, కదల్లేదు. చించెయ్యాలి. చించి ఎక్కడ వెయ్యాలి, ముక్కలు కనబడవూ. నమిలి మింగెయ్యాలి. నాలుగు కాగితాలు, ఒక పిన్ను, ఉప్పు టీ తాగగలిగినదానికి ఇదో లెక్కా, అనుకుని నవ్వబోయింది గానీ రాలేదు. మూడో కాగితం ఒక్కటి మాయం చేస్తే? యాభై నాలుగులో పద్నాలుగు తగ్గుతాయి, సారు లెక్కపెడతాడు. లెక్కపెట్టకపోయినా, హాల్ టికెట్టు వెతుక్కున్నవాడు మొదటి కాగితంలో ఉన్నాడు, యంత్రం నడిపినాయన కొడుకు అక్కడే ఉన్నాడు, వాళ్ళ ఇంట్లో కూడా ఎవరో ఒకరు వాళ్ళ మీద అలిగి, నవ్వించి, చెప్పులు దాచేవాళ్ళు ఉండే ఉంటారు. నా మొగుణ్ణి తీసేసి మీ వాళ్ళను ఇస్తున్నానని ఎవరికి చెప్పుకుంటుంది. అందరినీ ఇచ్చేసి ఇంటికెళ్ళి ఏ మొహంతో గుమ్మంలో నిలబడుతుంది. కిందకి వెళ్ళలేదు, పైకి వెళ్ళలేదు, ఉన్నచోట ఉండలేదు. చెమట కాగితం అంచుకు అంటుకుని సిరా కాస్త చెరిగింది, ఎవరిదో ఒక నంబరు మసకబారింది. ఒక్క నంబరు.

చిల్లుల రేకు గరగరలాడింది. లిఫ్టు బాబాయ్ కాదు, గ్రాఫు సారు.

"ఏమ్మా, కాగితాలు జాగ్రత్తేగా?"

"ఉన్నాయి సార్."

"తడవలేదుగా?"

"లేదు సార్. నేను కూడా బాగానే ఉన్నాను."

"ఆఁ, అదే, అదే. ఐదో అంతస్తులో నిలబడ్డా, తలుపు తెరవగానే ముందు కాగితాలివ్వు. అతిథులు లేస్తున్నారు, వాళ్ళు నాలుగింటికి ఇంకోచోట ఉండాలి."

తర్వాత పైన ఇనుము మీద ఇనుము మోగింది. తలుపులు బరబరా విడిపోయాయి. ఎదురుగా సిమెంటు గోడ, ఆమె ఛాతీ ఎత్తుదాకా. దాని పైన ఐదో అంతస్తు నేల, నేల మీద సారు బూట్లు, బూట్ల పక్కన మోకాళ్ళ మీద వంగి టార్చి పట్టుకున్న లిఫ్టు బాబాయ్. ముసలాయన చిన్న స్టూలు లోపలికి దించాడు. దీని మీదెక్కి చేతులందించు తల్లీ, కిందికి మాత్రం చూడకు, అన్నాడు. చూడకు అనగానే చూసింది. లిఫ్టు నేలకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ళంత సందు, లోపలంతా చీకటి, అడుగునెక్కడో నీళ్ళు లిఫ్టు దీపానికి ఒకసారి తళుక్కుమన్నాయి.

"కాగితాలు, కాగితాలు," అంటూ సారు చెయ్యి చాచాడు. అక్కణ్ణుంచి ఆయనకు ఆమె తల, భుజాలు తప్ప కనపడవు.

ఇస్తున్నా సార్, చెప్పులు తీసుకుని, అంటూ వంగింది. వంగి కాగితాలు నేల మీద పెట్టింది, సందు పక్కన. చెప్పులు తీసి పైకి పెట్టింది, సారు చాచిన చేతిలో ఒకటి, నేల మీద ఒకటి. ఆయన చెప్పును చూసుకునేలోపు కుడికాలి బొటనవేలితో కాగితాలను తోసింది. ముందు పిన్ను ఉన్న మూల దిగింది, తర్వాత మిగతాది దానంతట అదే జారింది, ఎంత తేలిగ్గా జారిందంటే ఎవరో కింద నుంచి అందుకున్నట్టు. చప్పుడు లేదు. చాలాసేపటికి ఒక చిన్న టప్ మనే చప్పుడు. తలెత్తితే టార్చి వెలుగు ఆమె వట్టి పాదం మీద ఉంది, కదలకుండా. వెలుగు వెనక ముసలాయన మొహం కనపడలేదు.

"అయ్యో సార్, జారిపోయాయి!"

సారు చెప్పు కింద పడేశాడు. ఆమెను పైకి లాగింది బాబాయే, సారు అప్పటికే బోర్లా పడుకుని సందులోకి చూస్తున్నాడు. "తియ్యవయ్యా, దిగి తియ్యి!"

"మోకాలి లోతు నీళ్ళు సార్ అక్కడ. కాగితమేంటి, ఈపాటికి గుజ్జయి ఉంటుంది," అన్నాడు బాబాయ్. "మోటారు బాగుచేయించండి, నీళ్ళు తోడి చూద్దాం. పది రోజులుగా అదే కదా నేను మొత్తుకునేది." అని టార్చి ఆర్పేశాడు. ఆమె వైపు చూడలేదు.

మెట్ల మీద పైనుంచి నాలుగు బూట్ల చప్పుడు దిగింది, ఆగకుండా కిందికి వెళ్ళిపోయింది. సారు పరిగెత్తి, రెండు నిమిషాల తర్వాత రొప్పుతూ వచ్చాడు. ఆ రెండు నిమిషాలూ ఆమెకు ఊపిరాడింది. ఆ రెండు నిమిషాలే.

"రేపు పదింటికి మళ్ళీ వస్తారట. ఫైలు చెరిపేశాం, రంగులు తీసేశాం, నా ఖర్మ. పద, మళ్ళీ మొదట్నుంచి. ఈసారి నేను పక్కనే కూర్చుంటా."

రెండో అంతస్తు గది అలాగే ఉంది. అదే కుర్చీ, అదే తెర, మూడు వందల నలభై, ఒక్కదానికీ రంగు లేదు, ఇప్పుడే పుట్టినట్టు. చెప్పులు బల్ల కింద విడిచింది. సారు పక్క వరసలోంచి తన కోసం కుర్చీ లాక్కొస్తున్నాడు, దాని చక్రం ఒకటి తీగలో ఇరుక్కుంది, కుర్చీని తిడుతున్నాడు. వెతికే చోట పదిహేడు అని కొట్టింది. ఒక్కటే వచ్చింది. నాలుగు లైన్లు. కింద 'ఇంకా చదువు'. నొక్కింది.

అప్పట్నుంచి మా అమ్మ ఇంట్లో అందరి చెప్పులూ గుమ్మం వైపు తిప్పి పెడుతుంది, ఈసారైనా వెతుక్కోకుండా. నాకూ అదే అలవాటైంది. ఈమధ్యే నాకు పెళ్ళయింది. మా ఆవిడ రోజూ వాటిని లోపలికి తిప్పేస్తుంది, ఆటకి. ఎందుకలా పెడతానో తనకింకా చెప్పలేదు. తను తిప్పాక నేను వెళ్ళి వాటిని చూస్తూ కాసేపు నిలబడతాను. ఆ కాసేపూ ఈ ఇల్లు ఎక్కడికీ పోదనిపిస్తుంది. పాటలో పదిహేడు చేర్చండి.

కుర్చీ వచ్చి పక్కన ఆగింది. సారు నెత్తి తడుముకున్నాడు, కళ్ళజోడు లేదు, పైన అతిథుల గదిలో మరిచిపోయినట్టున్నాడు. కళ్ళు చికిలించి తెర వైపు వంగాడు. ఆయన ఊపిరి ఆమె భుజానికి తగులుతోంది.

"ఏం రాశాడు?"

"పాటలో చిన్న తప్పు దొర్లిందట సార్. దిద్దుకోమంటున్నాడు."

"ఎవర్ని, మనల్నా?"

"పాడినతన్ని."

"అంతేనా? అంకెలూ అవీ ఏం లేవుగా?"

"లేవు సార్. అభిప్రాయమే."

ఆకుపచ్చ నొక్కింది. వేలిని మీట మీద నుంచి తీసి ఒడిలో దాచుకుంది. సారు కుర్చీలో సర్దుకున్నాడు, కుర్చీ కిర్రుమంది. తర్వాతది చదువమ్మా, పైకి చదువు, నాకు కనపడటం లేదు, అన్నాడు. ఇంకా మూడు వందల ముప్పై తొమ్మిది. తర్వాతది తెర మీదికి వచ్చింది. మా నాన్న ఆ పొద్దున. ఆమె గొంతు సవరించుకుని, పాట బాగుందంటున్నాడు సార్, అంది. అంటూనే, బల్ల కింద, చూడకుండా, కాలి బొటనవేలితో ఒక చెప్పును తలుపు వైపు తిప్పింది, తర్వాత రెండోదాన్ని.